మార్పును నడిపించడం: బోర్డు గది నుంచి షాప్ ఫ్లోర్ దాకా

బెంగళూరులో చాలామంది తెలుగువాళ్ల ఉద్యోగ జీవితం ఒకే దారిలో నడుస్తుంది. అనంతపురం, చిత్తూరు, కడప, నెల్లూరు నుంచి ఇంజనీరుగానో అకౌంటెంటుగానో వస్తారు. పది పన్నెండేళ్లు తిరిగేసరికి ప్లాంట్ హెడ్, ఆపరేషన్స్ మేనేజర్, ఫైనాన్స్ మేనేజర్ అవుతారు. అక్కడికి చేరాక పని తీరే మారిపోతుంది. పైన బోర్డు గదిలో డైరెక్టర్లు, కింద షాప్ ఫ్లోర్ మీద, అంటే మెషీన్లు నడిచే చోట, టీమ్. పైవాళ్ల నిర్ణయం కిందికి చేర్చాలి, కిందివాళ్ల కష్టం పైకి చెప్పాలి. ఈ రెండు పనులూ ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఈ మార్గదర్శి వాళ్ల కోసం. పెద్ద ఐటీ కంపెనీల్లో ఇలాంటి పనికి ప్రత్యేక విభాగాలుంటాయి. నలభై, అరవై, వంద మందితో నడిచే చోట అదంతా ఒక్క మనిషి మీద పడుతుంది. నేను చూసినంతలో ఇలాంటి కంపెనీల్లో మార్పు చెడిపోవడానికి ముఖ్య కారణం, ఏ నిర్ణయం ఎవరిదో ముందుగా తేల్చుకోకపోవడం. కష్టమైన నిర్ణయాన్నయినా జనం తట్టుకుంటారు. కానీ తమను అభిప్రాయం అడిగిన రోజుకే సంతకాలు అయిపోయాయని తర్వాత తెలిస్తే, ఆ మేనేజరు మాట మళ్లీ నమ్మరు.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ఊహా కంపెనీని పెట్టుకుందాం. పీణ్యా పారిశ్రామిక వాడలో అరవై మందితో వాహనాల విడిభాగాలు చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ముగ్గురు డైరెక్టర్లు, ముగ్గురూ ఒకే కుటుంబం. షెడ్డు చాలక జిగణికి మారాలనుకుంటున్నారు. అంటే నగరానికి వాయవ్య మూల నుంచి దక్షిణ కొసకి. బెంగళూరు ట్రాఫిక్ తెలిసినవాళ్లకి ఇది అడ్రసు మార్పు ఒక్కటే కాదని వేరే చెప్పక్కర్లేదు. మీది సాఫ్ట్‌వేర్ మార్పయినా, షిఫ్టుల మార్పయినా, రెండు డిపార్టుమెంట్లను కలపడమైనా మెట్లు ఇవే.

1. ముందు ఒక్క పేజీ రాయండి

ఎవరితోనూ మాట్లాడకముందే ఒక తెల్ల కాగితం మీద ఐదు విషయాలు రాసుకోండి. ఏం మారుతోంది, ఎందుకు ఇప్పుడే, మారకపోతే ఏమవుతుంది, ఏవి మారవు, ఇంకా తేలనివి ఏవి. మొదటి మూడూ అందరూ రాస్తారు. చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. టీమ్ మొదట వెతికేది వాటినే.

కారణం దగ్గర "వ్యాపార విస్తరణ దృష్ట్యా" అని రాయొద్దు. "షెడ్డు లీజు సెప్టెంబరులో ముగుస్తుంది. ఓనరు రెన్యూ చేయనన్నారు. కొత్త మెషీన్లు రెండు పెట్టడానికి ఇక్కడ చోటు లేదు, కరెంటు లోడు చాలదు" అని రాయండి. చదివినవాడికి ఇంక అనుమానం రాకూడదు. మీకే నాలుగు వాక్యాల్లో కారణం రాయడం చేతకాకపోతే, డైరెక్టర్లు మీకు మొత్తం చెప్పలేదని అర్థం. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి అడగండి. సగం తెలిసి కిందికి దిగితే మొదటి మీటింగులోనే దొరికిపోతారు.

మారనివి రాసేటప్పుడు చిన్నవని వదలొద్దు. జీతం, పీఎఫ్ ఖాతా, సర్వీసు లెక్క, వారపు సెలవు, ఎవరి కింద ఎవరు పనిచేస్తారన్నది. సర్వీసు కొనసాగుతుందా లేదా అన్నది గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు వెళ్లేటప్పుడు ఇచ్చే డబ్బు) లెక్కతో ముడిపడిన విషయం. పదిహేనేళ్లుగా ఉన్న ఆపరేటరు పైకి అడగకపోయినా అతని టెన్షన్ అంతా దాని మీదే ఉంటుంది.

2. ఏ నిర్ణయం ఎవరిదో తేల్చండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మార్పు అంటే ఒక నిర్ణయం అనుకుంటాం. విడదీసి చూస్తే ముప్పై నలభై నిర్ణయాలుంటాయి. ఒక్కొక్కటీ ఒక వరుసలో రాసి, పక్కన ఈ నాలుగింటిలో ఒకటి పెట్టండి: బోర్డు తేలుస్తుంది, ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) తేలుస్తారు, నేను టీమ్‌ను అడిగి తేలుస్తాను, టీమే తేలుస్తుంది.

మన ఉదాహరణలో మారాలా వద్దా అన్నది బోర్డుది. బ్యాంకు లోను కూడా బోర్డుదే. ఏ మెషీన్ ముందు కదలాలి, ఏ కస్టమరుకు ముందుగా స్టాకు చేసి పెట్టాలి అన్నవి ఎండీ, మీరు కూర్చుని తేల్చేవి. షిఫ్టు ఎన్నింటికి మొదలవ్వాలన్నది మీరు టీమ్‌ను అడిగి తేల్చాలి. కంపెనీ బస్సు ఏ దారిలో రావాలి, ఎక్కడెక్కడ ఆగాలి, క్యాంటీన్ ఎవరికివ్వాలి, టూల్ రూములో ర్యాకులు ఎలా పెట్టాలి అన్నవి పూర్తిగా టీమ్‌కే వదిలేయండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చకపోయినా అదే చేయాలి. వదిలేశాక వెనక్కి తీసుకుంటే, అసలు వదలకపోయినంత కంటే ఎక్కువ చెడ్డపేరు.

తర్వాత ఈ జాబితాను దాచుకోకుండా బయటకు చెప్పాలి. మీటింగులో ప్రతి విషయం ఎత్తుకునే ముందు అదేదో ఒక్క మాటలో అనేయండి. "జిగణికి వెళ్లడం ఖాయమైంది, దాని మీద అభిప్రాయం అడగడం లేదు. షిఫ్టు టైం మీద అడుగుతున్నాను, విని నేను తేలుస్తాను. బస్సు దారి మాత్రం మీరు ఎలా చెబితే అలా." ఇలా అనడానికి చాలామంది మేనేజర్లు మొహమాటపడతారు. మొదటి వాక్యం కఠినంగా ఉందనిపిస్తుంది. కానీ విన్నవాళ్లకి అది గౌరవంగానే ఉంటుంది. తేలిపోయిన దాని మీద గంటసేపు మాట్లాడించి వాళ్ల సమయం తినలేదు కదా.

డబ్బు విషయంలో కూడా గీత గీయండి. మారే మూడు నెలలూ చిన్న చిన్న ఖర్చులు రోజూ వస్తాయి. కేబుల్ కావాలి, క్రేన్ వాడు అదనంగా అడిగాడు, టెంపో ఇంకోసారి తిరగాలి. ప్రతిదానికీ ఎండీ సంతకం అంటే పని ఆగుతుంది. సూపర్‌వైజరు ₹5,000 దాకా, మీరు ₹50,000 దాకా అడక్కుండా ఖర్చుపెట్టొచ్చని, సాయంత్రానికి బిల్లు చూపిస్తే చాలని ముందే రాయించుకోండి. అంకెలు మీ కంపెనీని బట్టి మార్చుకోండి. గీత అంటూ ఒకటి కాగితం మీద ఉండాలి.

3. బోర్డు మీటింగుకు ముందే బోర్డుతో మాట్లాడండి

కుటుంబ కంపెనీల్లో బోర్డు మీటింగ్ అంటే భోజనాల బల్ల దగ్గర అయిపోయిన మాటకు కాగితం తయారుచేయడం అనుకుంటారు. చిన్న విషయాలకు అలా నడిచిపోతుంది. ఇంత పెద్ద మార్పుకు పద్ధతిగా వెళ్లడమే అందరికీ రక్ష. రేపు అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే మీటింగులో ఏం తేలిందో రాసే మినిట్స్ పుస్తకమే సాక్ష్యం.

2013 కంపెనీల చట్టం ప్రకారం బోర్డు మీటింగుకు కనీసం 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం నాలుగు మీటింగులు, రెండింటి మధ్య 120 రోజులు మించకూడదు. చట్టం లెక్కలో చిన్న కంపెనీ అయితే ప్రతి అర్ధ సంవత్సరంలో ఒకటి, మధ్యలో కనీసం 90 రోజులు. కోరం, అంటే మీటింగు చెల్లాలంటే కనీసం ఉండాల్సినవాళ్లు, మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. అప్పు తెచ్చే నిర్ణయం బోర్డు మీటింగులోనే తీసుకోవాలి, లేదా ఆ అధికారాన్ని ఎండీకో కమిటీకో అప్పగిస్తూ మీటింగులో తీర్మానం చేసి ఉండాలి. కాగితం తిప్పి సంతకాలు పెట్టించుకునే సర్క్యులర్ తీర్మానం దీనికి పనికిరాదు.

ఇంకో విషయం చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. పీణ్యా షెడ్డే రిజిస్టర్డ్ ఆఫీసు (ప్రభుత్వ రికార్డుల్లో కంపెనీ అడ్రసు) అయితే, దాన్ని కూడా మార్చాలి. జిగణి బెంగళూరు నగర పరిధి బయట, ఆనేకల్ తాలూకాలో ఉంది. ఊరి పరిధి దాటుతోంది కాబట్టి బోర్డు తీర్మానం ఒక్కటే చాలదు, వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. మారిన 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు ఆ సంగతి తెలిపే ఐఎన్‌సీ-22 ఫారం దాఖలు చేయాలి. ఇవన్నీ మీ కంపెనీ సెక్రటరీయో ఆడిటరో చూసుకుంటారు. కానీ ఆ రోజులు మీ క్యాలెండర్‌లో ముందే పడాలి.

ఇక బోర్డు నోట్, అంటే మీటింగుకు ముందు డైరెక్టర్లకు పంపే కాగితం. రెండు పేజీలు దాటకూడదు. మొదటి వాక్యంలోనే బోర్డు నుంచి ఏం కావాలో ఉండాలి, తీర్మానం ముసాయిదాతో సహా. తర్వాత దారులు ఏమేమున్నాయో రాయండి: జిగణికి మారడం, పీణ్యాలోనే ఇంకో షెడ్డు తీసుకోవడం, ఏమీ చేయకపోవడం. మూడోదాన్ని కూడా లెక్కగట్టి రాయండి, ఎందుకంటే ఏమీ చేయకపోవడానికీ ఖర్చుంటుంది. ఆ తర్వాత నెలవారీగా డబ్బు ఎంత వెళ్తుందో, ఎప్పుడు తిరిగొస్తుందో. రెండు చోట్లా అద్దె కట్టాల్సిన నెలలు ఎన్ని అన్నది పెద్ద అంకెగా కనిపించాలి. చివరగా, ఏం జరిగితే ఆపేస్తామో. "ఫలానా తేదీకి కరెంటు రాకపోతే తరలింపు మొదలుపెట్టం" లాంటి వాక్యం ఒకటి రెండు ఉంటే బోర్డుకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

నోటు పంపాక, మీటింగుకు ముందు ముగ్గురినీ విడివిడిగా కలవండి. పెద్దాయన భయం డబ్బు మీద కాకపోవచ్చు. తన చేత్తో కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టిన షెడ్డు వదలడం మీద ఉండొచ్చు. అది అందరి ముందు చెప్పరు. విడిగా కూర్చుంటే చెబుతారు. అప్పుడు మీరు జవాబు చెప్పక్కర్లేదు, శ్రద్ధగా వింటే చాలు. మీటింగు రోజున ఆ విషయాన్ని ఎవరూ తేలిక చేయకుండా చూసుకోండి.

కొత్త షెడ్డు డైరెక్టరు బావమరిదిదే అయిన సందర్భాలు మన కంపెనీల్లో తరచుగా వస్తాయి. డైరెక్టరుకు ఒప్పందంలో ఆసక్తి ఉంటే దాన్ని బోర్డుకు వెల్లడించాలని చట్టం చెబుతుంది. పబ్లిక్ కంపెనీలో అతను ఆ చర్చలో పాల్గొనకూడదు. ప్రైవేట్ కంపెనీలో వెల్లడించాక పాల్గొనొచ్చు. చట్టం ఇచ్చిన బంధువుల జాబితాలో భార్య తమ్ముడు లేడు. కానీ షాప్ ఫ్లోర్ జాబితాలో ఉంటాడు. అందుకే, అవసరం లేకపోయినా ఆ సంబంధాన్ని మినిట్స్‌లో రాయించండి, చుట్టుపక్కల అద్దెల కొటేషన్లు రెండు జతచేయండి, ఆ డైరెక్టరును ఆ ఒక్క అంశానికి ఓటు వేయకుండా ఉండమని అడగండి. అడగడం ఇబ్బందే. అడగకపోతే ఆ పుకారు ఏళ్ల తరబడి నడుస్తుంది.

మీటింగయ్యాక మినిట్స్ 30 రోజుల్లో పుస్తకంలోకి ఎక్కాలి. ఒక డైరెక్టరు ఒప్పుకోకపోతే ఆ మాట అలాగే నమోదు చేయాలి. ఆయన అభ్యంతరం కాగితం మీద ఉంటే బయట చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకు తగ్గుతుంది.

4. తేదీని మీరు పెట్టకండి, పనులు పెట్టనివ్వండి

ఉత్సాహంలో తేదీ ప్రకటించి తర్వాత మూడుసార్లు జరపడం వల్ల పోయే పరువు తిరిగి రాదు. జిగణి లాంటి చోటికి మారేటప్పుడు తేదీని నిజంగా నిర్ణయించేవి: విద్యుత్ సంస్థ బెస్కాం ఇచ్చే కరెంటు లోడు, కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఫ్యాక్టరీ లైసెన్సు, కస్టమరు ఆమోదం. వాహనాల కంపెనీలకు సరుకు ఇచ్చేవాళ్లకు ఈ చివరిది మరీ ముఖ్యం. తయారీ చోటు మారితే పీపీఏపీ (విడిభాగానికి కస్టమరు ఆమోదం తీసుకునే పద్ధతి) మళ్లీ చేయాల్సి వస్తుంది, శాంపిళ్లు పాసయ్యేదాకా కొత్త చోటి సరుకు తీసుకోరు. ఈ నాలుగూ ఎక్కడున్నాయో చూసుకుని, "మే నెలకంటే ముందు కాదు" అని మాత్రం చెప్పండి. ఆయుధపూజకు ముందు వారం, సంక్రాంతి ముందు వారం మెషీన్లు కదిలించే పని పెట్టుకోకండి. మనుషులుండరు, ఉన్నవాళ్ల మనసు పని మీద ఉండదు.

5. మధ్యవాళ్లకు ఒకరోజు ముందు చెప్పండి

సూపర్‌వైజర్లు, లైన్ లీడర్లు, స్టోర్స్ ఇన్‌చార్జి. ప్రకటన అయిన ఐదు నిమిషాలకు టీమ్ అంతా వాళ్ల మొహం చూస్తుంది. వాళ్లకు కూడా అప్పుడే తెలిసిందంటే పని చెడినట్టే. ఒకరోజు ముందు కూర్చోబెట్టి, ఆ ఒక్క పేజీ చేతికిచ్చి, "రేపు మిమ్మల్ని ఏం అడుగుతారు?" అని అడగండి. వాళ్లు చెప్పే ప్రశ్నలకు అక్కడే జవాబులు తయారుచేయండి.

హోదా లేకపోయినా మాట చెల్లే మనిషి ప్రతి కంపెనీలోనూ ఒకరుంటారు. మెషీన్లు సెట్ చేసే పాత సెట్టర్ కావచ్చు, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కావచ్చు. ఆయన్నీ పిలవండి.

6. చెప్పే రోజు

శుక్రవారం సాయంత్రం చెప్పొద్దు. ఆ రాత్రి సగం మంది ఊరి బస్సెక్కుతారు, రెండు రోజులు ఇంట్లో అదే చర్చ, సోమవారానికి "కంపెనీ మూసేస్తున్నారట" అయి తిరిగొస్తుంది. మంగళవారమో బుధవారమో ఉదయం షిఫ్టు మొదట్లో చెప్పండి. రెండో షిఫ్టుకు అదేరోజు, అదే మనిషి, అవే మాటలు. నోటీసు బోర్డు మీద ముందు కన్నడలో ఉండాలి. ఒడిశా, బీహార్ కుర్రాళ్లుంటే హిందీలో కూడా. మీరు తెలుగులో అలవాటుగా మాట్లాడేస్తే మిగతావాళ్లకు ఇదంతా ఆంధ్రావాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. కన్నడ సరిగా రాకపోయినా వచ్చినంతలో కన్నడలోనే మొదలుపెట్టండి.

పది నిమిషాలు మాట్లాడి, అరగంట ప్రశ్నలకు వదలండి. ప్రశ్నలు ఇలా వస్తాయి.

"సార్, మా పాప దాసరహళ్లి స్కూల్లో చదువుతోంది. ఇల్లు మార్చలేను. నా సంగతేంటి?"

ఇక్కడ నోటికి వచ్చే మొదటి మాట "ఏదో ఒకటి చూద్దాంలే అన్నా". అది అనకండి. దాన్ని ఆయన హామీగా ఇంటికి తీసుకెళ్తాడు. ఇలా అనండి: "మీ దగ్గర్నుంచి మెట్రో ఉంది. ఆర్‌వీ రోడ్డులో మారి బొమ్మసంద్రలో దిగాలి, అక్కడి నుంచి కంపెనీ బస్సు. రోజూ అంత ప్రయాణం మీకు కుదురుతుందా లేదా అన్నది నేను చెప్పలేను. గురువారం మీతో విడిగా కూర్చుంటాను. మీకు కుదరదంటే ఏం చేయగలమో అప్పుడు లెక్కతో సహా చెబుతాను." చెప్పిన గురువారమే కూర్చోండి.

జవాబు తెలియని ప్రశ్నలు అందరి ముందే కాగితం మీద రాసుకోండి, ఏ రోజుకి చెబుతారో అక్కడే చెప్పండి. ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు తగిలించండి. జవాబు వచ్చినప్పుడల్లా పక్కన రాయండి.

షిఫ్టు వేళలు, పని గంటలు, అలవెన్సులు లాంటి సర్వీసు షరతులు వర్కర్లకు నష్టమయ్యేలా మార్చాల్సి వస్తే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ సెక్షన్ చెప్పేది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే 21 రోజులు ఉంది. నోటిమాటతో సరిపెట్టకండి, లాయరుకు చూపించి రాతపూర్వకంగా ఇవ్వండి.

7. ఒక్కొక్కరి దారీ విడిగా చూడండి

సగటు ప్రయాణ సమయం అని ఒక అంకె వేసి బోర్డుకు చూపిస్తుంటారు. అది ఎవరికీ పనికిరాదు. అరవై పేర్లు రాయండి. ఇల్లు ఎక్కడ, ఇప్పుడు ఎలా వస్తున్నారు, రేపు ఎలా వస్తారు, ఇంటి నుంచి గేటు దాకా ఎంతసేపు, ఇంట్లో ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు. బొమ్మసంద్ర దాకా యెల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది కాబట్టి పీణ్యా వైపు నుంచి ఒక్క చోట మారితే సరిపోతుంది. కానీ అది కాగితం మీది లెక్క. షిఫ్టు టైముకు మెట్రో మొదటి రైలు అందుతుందా? రెండో షిఫ్టు వదిలేసరికి చివరి రైలు ఉంటుందా? ఒక ఉదయం, ఒక రాత్రి మీరే ఆ దారిలో వెళ్లి రండి, వీలైతే ఒక సూపర్‌వైజరును వెంట తీసుకుని.

ఆ జాబితాలో పది పన్నెండు మంది బాగా నష్టపోతారు. మొదట వాళ్లతోనే మాట్లాడాలి. రెండో షిఫ్టు చేసే ఆడవాళ్లను ఇంటి గుమ్మం దాకా దింపే బండి పెట్టాలి. దాని ఖర్చు బోర్డు నోట్‌లో ముందే ఉండాలి. కొందరికి ఆరు నెలల ప్రయాణ భత్యం చాలు. కొందరు రాలేరు. రాలేనివాళ్లను "వాళ్లే మానేశారు" అని వదిలేయకండి. నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఐదేళ్లు నిండిన పర్మనెంటువాళ్లకు గ్రాట్యుటీ, పీణ్యాలో తెలిసిన రెండు కంపెనీలకు మీ ఫోన్ కాల్. గ్రాట్యుటీ లెక్క తేలికే: చివరి నెల వేతనాన్ని (బేసిక్, డీఏ; మిగతా అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటినంత కూడా) 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆ అంకె కాగితం మీద వేసి చేతికివ్వండి. వెళ్లేవాళ్లను ఎలా పంపారో ఉండేవాళ్లు చూస్తూనే ఉంటారు.

8. మొత్తం ఒకేసారి కదల్చకండి

ఒక లైన్ ముందు. దాని మెషీన్లు కొత్త చోట లెవెల్ చేసి, అలైన్‌మెంట్ చూసి, రెండు వారాలు నడిపి, రిజెక్షన్ (నాణ్యత లేక పక్కన పడేసే భాగాలు) పాత చోటి స్థాయికి వచ్చాకే రెండోది. సాఫ్ట్‌వేర్ మార్పుకూ ఇదే వరస. స్టోర్స్‌లో పాత రిజిస్టరు, కొత్త సిస్టం ఒక నెలాఖరు దాటేదాకా రెండూ నడవాలి. స్టోర్స్ ఆయనకు అది రెట్టింపు పని కాబట్టి ఆ నెల ఒక మనిషిని తోడివ్వండి. నెలాఖరున ఇన్సర్టుల (మెషీన్లకు బిగించే కోత ముక్కల) డబ్బాలు ఆయన చేత్తో లెక్కపెట్టి, రిజిస్టరులో ఎంత, సిస్టంలో ఎంత, చేతిలో ఎంత అని మూడు అంకెలు పక్కపక్కన రాయించండి. తేడా వస్తే తప్పు ఎవరిదని మొదలుపెట్టకండి. చాలాసార్లు తిరిగొచ్చిన ఇన్సర్టును సిస్టంలో ఎక్కించే బటన్ ఎక్కడుందో ఆయనకు ఎవరూ చూపించి ఉండరు.

9. ఒప్పుకోనివాళ్లు

మీటింగులో గట్టిగా ఎదురు మాట్లాడేవాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. వాళ్లకు కావాల్సింది ఏమిటో తెలుస్తోంది. మీటింగులో తలూపి టీ కొట్టు దగ్గర వేరేగా మాట్లాడేవాళ్లతోనే పని. వాళ్లను అందరి ముందు నిలదీయకండి. విడిగా పిలిచి, "మీకు ఇందులో నచ్చనిది ఏంటో నాకు తెలియాలి" అని అడిగి, ఆగండి. మౌనం ఎంతసేపున్నా మీరు నింపొద్దు.

మీకే ఈ నిర్ణయం నచ్చకపోతే? బోర్డు గదిలో గట్టిగా చెప్పండి, రాసి ఇవ్వండి. తేలిపోయాక కిందికి వచ్చి "నాక్కూడా ఇష్టం లేదు, పైవాళ్లు చెప్పారు" అనకండి. అలా అంటే ఆ పూటకు మంచివారవుతారు. రేపు మీరు చెప్పే ఏ మాటకైనా టీమ్ "ఇది ఈయన మాటా, పైవాళ్ల మాటా" అని ఆలోచించుకుంటుంది. మనస్సాక్షి ఒప్పుకోనంత తప్పు నిర్ణయమైతే ఆ ఉద్యోగంలో ఉండాలా అన్నదే ప్రశ్న, ఉంటూ దెబ్బతీయడం దారి కాదు.

10. మార్పు మధ్యలో రోజువారీ నిర్ణయాలు

పెద్ద మార్పు నడుస్తున్నప్పుడు కూడా సెలవులు, ఓటీలు, గొడవలు ఆగవు. పెద్దదాని టెన్షన్‌లో చిన్నవి నోటిమాట మీద తేల్చేస్తాం, అక్కడే పక్షపాతం చేశారన్న మాట పడుతుంది. ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, విషయం, ఎవరు తేల్చారు, ఎందుకు, మళ్లీ ఎప్పుడు చూస్తాం. ఒక్కో నిర్ణయానికి రెండు వాక్యాలు చాలు. ప్రతి సోమవారం ఇరవై నిమిషాలు నిలబడే ఆ పుస్తకం చదవండి.

వెనక్కి తిప్పుకోగలిగే నిర్ణయాలు అదే రోజు తేల్చేయండి. టేబుల్ ఎక్కడ వేయాలి, ఏ ట్రాన్స్‌పోర్టు వాడిని ఈ వారం పిలవాలి లాంటివి. మనిషిని తీసేయడం, ఒప్పందం మీద సంతకం, జీతం మార్చడం లాంటివి ఒక రాత్రి గడిచాకే.

బెంగళూరులో తెలుగువాళ్లున్న ప్రతి టీమ్‌లోనూ ఏటా వచ్చే అసలు పరీక్ష సంక్రాంతి సెలవు. సగం మందికి భోగి నుంచి కనుమ దాకా ఊళ్లో ఉండాలి. తమిళులకు పొంగల్. కన్నడిగులకూ సంక్రాంతే, కానీ ఇల్లు ఇక్కడే కదా అని వాళ్లనే పనికి ఉంచేస్తారు. ఏటా ఇలా జరిగితే వాళ్ల మనసులో ముల్లులా ఉండిపోతుంది. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటున్నాయి, అంటే జనవరి 12 రాత్రి బండికి నవంబరు 13 ఉదయం బుకింగ్. కాబట్టి సెలవుల జాబితా నవంబరు మొదటి వారానికే గోడకు ఎక్కాలి. డిసెంబరు చివర్లో "చూద్దాం" అంటే ఆ సెలవు ఇచ్చినా ఉపయోగం లేదు, ఇవ్వకపోతే టికెట్ డబ్బు పోతుంది. పద్ధతి ఇలా పెట్టుకోవచ్చు: ఈ ఏడు సంక్రాంతికి వెళ్లినవాళ్లు వచ్చే ఏడు పనిలో ఉంటారు, వాళ్లకు ఉగాదికో దసరాకో ముందు హక్కు. ఇంట్లో పెళ్లి, కొత్త అల్లుడి మొదటి పండుగ, తద్దినం లాంటివి ఉంటే ఇద్దరు తమలో తాము మార్చుకోవచ్చు, మీకు చెబితే చాలు. మేనేజరు పేరు కూడా అదే జాబితాలో, అదే నియమంతో ఉండాలి. మూడేళ్లు వరసగా మీరే పండక్కి వెళ్తే జాబితాకు విలువ లేదు.

11. తొంభై రోజుల రిపోర్టు

చివరి మెషీన్ నడవడం మొదలైన 30 రోజులకు ఒక చిన్న నోటు, 90 రోజులకు పూర్తి రిపోర్టు బోర్డుకు వెళ్లాలి. చెడ్డ కబురు మొదటి పేరాలో రాయండి. ఎంతమంది మానేశారు, వాళ్లలో ఎవరి పని ఇంకా ఎవరికీ చేతకావడం లేదు, రిజెక్షన్ ఎంత, ఆలస్యమైన డిస్పాచులు ఎన్ని, అనుకున్న ఖర్చుకూ అయినదానికీ తేడా ఎంత. బోర్డు నోట్‌లో రాసిన అంకెల పక్కనే ఇప్పటి అంకెలు పెట్టండి, కొత్త పట్టిక వేయొద్దు.

రిపోర్టు వెనక ఒక అనుబంధం ఉండాలి: మార్పు సమయంలో ఎవరికి ఏ మాట ఇచ్చాం, అది ఎక్కడిదాకా వచ్చింది. ఆరు నెలల ప్రయాణ భత్యం ఏ తేదీకి ముగుస్తుంది, ముగిశాక పొడిగిస్తామా లేదా, ఎవరు తేలుస్తారు. రాత్రి బండి డ్రైవరు ఒప్పందం ఎప్పటిదాకా. క్యాంటీన్‌లో రాగిముద్ద వారానికి రెండు రోజులు పెడతామన్న మాట. పాత షెడ్డు డిపాజిట్ వచ్చిందా. ఒక్కోదాని పక్కన ఒక పేరు, ఒక తేదీ. ఆ కాగితం కాపీ ఒకటి బోర్డుకు, ఒకటి కొత్త షెడ్డులో టైం ఆఫీసు పక్కన నోటీసు బోర్డుకు.